పాలారు పటం

"ఆ పటం ఇప్పించమ్మా! నా మొగుడు లోపల ఉండాడు."

మదనపల్లెలో కుప్పమ్మ ఇంటి గడప మీద కూలబడి యమున ఏడుస్తోంది. కుప్పమ్మ భర్త గోవిందస్వామి బతికున్నప్పుడు బంగారు గనుల్లో సర్వేయరుగా చేశాడు. పాలారు ఒడ్డున తెల్లదొరలు తవ్వి వదిలేసిన గుంతలన్నీ ఆయన దగ్గరున్న పాత పటంలోనే ఉన్నాయి. కొత్త మ్యాపుల్లో అక్కడ కనిపించేది ఉత్త అడవే.

కుప్పం దగ్గర అలాంటి గుంతలోకే నిన్న యమున మొగుడు దేవరాజు దిగాడు. దిగాక మట్టి కూలి దారి మూసుకుపోయింది. మేకలు కాసేవాళ్లకు అదో పాడు అలవాటు. గుంతలో మేకపిల్ల పడిందంటే చాలు, చెప్పులు ఒడ్డున విడిచి, భూదేవికి దండం పెట్టి దిగేస్తారు. ఒడ్డున ఉన్న మొగుడి చెప్పుల్ని యమునే గుర్తుపట్టింది. 'బంగారం పిచ్చితో దిగినాడేమో' అని గొణిగినవాళ్ల మీద విరుచుకుపడింది.

"నోరు లేని జీవం కోసం దిగినోణ్ణి ఇంత మాటంటారా?"

లోపలి నుంచి రాయి కొడుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తోంది. కానీ పాలారు పొంగుతోంది. ఇలాంటి గనికి ఏటివైపు రెండో దారి ఉంటుందనీ, అదెక్కడో తెలిస్తే మనిషిని తీయగలమనీ ఫైరింజన్ వాళ్లు చెప్పారు.

"ఆయన పోయినంక పాత పేపర్లతో పాటు పుంగనూరులో మునిస్వామి అంగట్లో ఏసేస్తిమి కదమ్మా," అంది కుప్పమ్మ దిగులుగా.

తమ్ముడు ప్రదీప్ బైకు మీద యమున పుంగనూరు చేరేసరికి వాన పట్టుకుంది. పాత సామాన్ల మధ్య కూర్చున్న మునిస్వామి తల గోక్కున్నాడు.

"గుడ్డకు అంటించిన పటమే కదమ్మా? పోయిన వారమే ఎవురో కొనుక్కోని పాయ."

"ఎవురప్పా? యాడుంటాడు?"

"పేరు అడగలా. ఇట్లాంటిదే ఇంకోటి దొరికితే చెప్పమని నంబరు ఇచ్చినాడు."

"చెయ్యప్పా, ఇప్పుడే చెయ్యి! దాన్ని ఫోటో తీసి పంపమను. నీకు పుణ్యముంటాది!"

దేవుడనేవాడు ఉన్నాడనిపించింది యమునకు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకుంది. మునిస్వామి కళ్లజోడు సర్దుకుని, నంబరు వెతికి నొక్కాడు.

దేవరాజు ఇంట్లో వదిలేసి వెళ్లిన ఫోను యమున సంచిలో మోగింది.