ఏ గ్రూపులోనూ లేనివాళ్ళు

“ఇక్కడ సున్నా ఉందేమిటమ్మా?”

లైబ్రరీ గోడకి పట్టిక అంటిస్తున్న నిరుపమ వెనక్కి తిరిగింది.

ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఆయన వేలు పట్టికలో ఒక గడి మీద ఉంది.

ఇన్వర్‌కార్గిల్‌లో తెలుగు మాట వినబడేసరికి ఆమెకి ప్రాణం లేచివచ్చింది. పిల్లల ఆరోగ్యం మీద పనిచేసే ఓ చిన్న సంస్థలో ఉద్యోగానికని ఆక్లాండ్ శివారు హెండర్సన్ నుంచి, దేశం దక్షిణపు కొసనున్న ఈ ఊరికి వచ్చి నెలే అయింది. సంస్థ ఆఫీసు ఈ లైబ్రరీలోనే ఓ గది.

“చలి ఇళ్ళలో ఉండి, ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరిన పిల్లల లెక్క అంకుల్. 2007 జూన్ దాకా ఏడాదిది. ఏరియా వారీగా, వయసు వారీగా గ్రూపులు చేశాం. ఇది చూసే ఊరి కౌన్సిల్ వాళ్ళు ఉచితంగా హీటర్లు ఇస్తారు.”

“మరి ఈ సున్నా?”

“రైలు కట్ట అవతల రెండేళ్ళలోపు పిల్లలెవరూ ఆసుపత్రిదాకా రాలేదని.”

ఆయన ఆ గడి మీంచి వేలు తీయలేదు.

“మళ్ళీ ఒకసారి చూడమ్మా.”

“కంప్యూటర్ చేసింది అంకుల్. తప్పు రాదు.”

“అయినా చూడు.”

మర్నాడు లైబ్రరీ తెరిచేసరికి ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నారు.

“చూశావా అమ్మా?”

“టైమ్ దొరకలేదు అంకుల్.”

“రేపొస్తాను.”

మూడోరోజు వాన. తడిసిన కోటుతోనే వచ్చారు. అదే ప్రశ్న. గొంతులో కోపం లేదు. వదిలే ఉద్దేశమూ లేదు.

రిటైరైన లెక్కల మాస్టారయి ఉంటారు, తప్పులు పట్టే అలవాటు ఇంకా పోలేదు అనుకుంది నిరుపమ. ఆయన్ని వదిలించుకోవడానికే లాప్‌టాప్ తెరిచింది.

జాబితాలో మొత్తం పిల్లలు నూట పద్దెనిమిది మంది.

పట్టికలో గడులన్నీ కూడితే తొంభై అయిదు.

మళ్ళీ కూడింది. తొంభై అయిదే.

వయసుల్ని నాలుగు గ్రూపులు చేయమని ప్రోగ్రామ్‌కి చెప్పింది తనే. మొదటిది సున్నా నుంచి రెండు. ప్రోగ్రామ్ దాన్ని ‘సున్నా కంటే ఎక్కువ, రెండు వరకు’ అని తీసుకుంది. ఏడాది నిండని పిల్లల వయసు జాబితాలో సున్నా అనే ఉంది. వాళ్ళు ఏ గ్రూపులోనూ పడలేదు. చప్పుడు చేయకుండా పట్టిక వాళ్ళని వదిలేసింది.

“ఇరవై ముగ్గురు అంకుల్. పసిపిల్లలందరూ జారిపోయారు.”

“ఇప్పుడు వస్తారా?”

“వస్తారు. ఒక్క మాట చేర్చాలంతే.”

చేర్చింది. మొదటి గ్రూపులో పద్నాలుగు కాస్తా ముప్ఫై ఏడైంది. రైలు కట్ట అవతలి గడిలో ఒకటి కనిపించింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

“చాలమ్మా,” అని టోపీ సర్దుకుని వానలోకి వెళ్ళిపోయారు.

ఆక్లాండ్ నుంచి మేనేజర్ జనార్దన్ ఫోన్‌లో కసిరాడు.

“రిపోర్టు కౌన్సిల్‌కి వెళ్ళిపోయింది నిరుపమా. సోమవారమే మీటింగ్. ఇప్పుడు తప్పుందంటే మన పరువేం కావాలి?”

“నా తప్పేనని నేనే వెళ్ళి చెప్తాను సర్.”

“ఉద్యోగానికి కొత్తదానివి. ఆలోచించుకో.”

“ఆలోచించాను సర్.”

సోమవారం ఆమె కౌన్సిల్ సభ్యుల ముందు పాత పట్టిక పక్కనే కొత్తది పెట్టింది. తప్పెలా జరిగిందో దాచకుండా చెప్పింది.

బడి పిల్లలున్న ఇళ్ళకి ముందు ఇద్దామనుకున్న హీటర్లు, గంట చర్చ తర్వాత, పసిపిల్లలున్న ఇళ్ళకి ముందు వెళ్ళాలని తేలింది.

ఈ మాట ఆయనకి చెప్పాలి. పేరు కూడా అడగలేదే!

రైలు కట్ట అవతల, ఇక్కడివాళ్ళు డెయిరీ అనే చిన్న కొట్టులో పాలు, బ్రెడ్ అమ్మే సరోజకి ఊళ్ళో తెలుగువాళ్ళందరూ తెలుసు. నిరుపమ అక్కడికి వెళ్ళింది.

“ఉన్ని టోపీ పెద్దాయనా? రామలింగేశ్వరరావు గారు. వీసా అయిపోయిందమ్మా, నిన్ననే ఇండియా వెళ్ళిపోయారు.”

“అయ్యో! ఒక మంచి మాట చెప్దామని వచ్చానాంటీ. లెక్కల మాస్టారా ఆయన?”

“లెక్కలా? కాకినాడలో లారీ నడిపేవారు.”

సరోజ చేతిలో ఉన్న బ్రెడ్ కింద పెట్టింది.

“ఈ పక్కవీధిలో ఉండే కూతురి పురిటికని వచ్చారు పాపం; మే నెలలో, ఆసుపత్రిలో, మూడు నెలల మనవరాలు ఊపిరందక ఆయన చేతుల్లోనే పోయింది.”