పడమటి గోల్

తలుపుకు అడ్డంగా కట్టిన దుప్పటి కింద నుంచి మగవాళ్ల పాదాలు మాత్రమే కనబడుతున్నాయి.

ఆరీఫా గోడకు ఆనుకొని కూర్చొని వాటినే చూస్తోంది.

ఆ రోజు ఆమె భర్త జమాల్ బాషా చనిపోయిన నలభయ్యో దినం. ఫాతెహా చదవడం అయిపోయింది. వచ్చినవాళ్లు వాకిట్లో పందిరి కింద బగారన్నం తింటున్నారు. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ గడువు తీరేదాకా ఆమె బయటి మగవాళ్ల ముందుకు రాకూడదు.

ఆమెకు ఇంతవరకూ ఏడుపు రాలేదు.

లారీ షెడ్డులో బోల్టు బిగిస్తూనే పక్కకు ఒరిగిపోయాడని వచ్చి చెప్పినప్పుడూ రాలేదు. పక్కింటి రామాంజినమ్మ రోజూ పొద్దున్నే టీ తెచ్చిచ్చి, "ఒగసారి గట్టిగా ఏడ్చేయ్ మా, తేలికైతాది" అంటుంది.

ఆరీఫా "ఊ" అంటుంది. టీ చల్లారిపోతుంది.

పిల్లలు లేరు. గడువు తీరగానే తమ్ముడు సైఫుల్లా వచ్చి గోరంట్లకు తీసుకుపోతాడు. ఈ బాడుగ ఇల్లు ఖాళీ చేసేస్తారు.

దాని గురించి ఆమెకు బాధేమీ లేదు. ముదిగుబ్బ మొత్తంలో ఇంత పనికిమాలిన ఇల్లు ఇంకోటి ఉండదు. బస్టాండుకు దూరం, మసీదుకు దూరం. కొళాయి ఉంది, నీళ్లు రావు. ఊళ్లో మంచి ఇల్లు దొరికినా జమాల్ కదల్లేదు.

"ఈడ గాలి బాగుంటాది" అనేవాడు.

వచ్చేది దుమ్ము. దానికోసం ఎన్నిసార్లు పోట్లాడిందో.

బయట ఎవరో నవ్వారు. బొటనవేలికి గోరు లేని పాదం కదిలింది. పంక్చర్ షాపు అతావుల్లా.

"ఈ గోరు ఈడనే పోయింది, చూడప్పా. అప్పుడు ఈ వీధులన్నీ మన ఆజాద్ ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండే కదా. గడ్డిపోచ ల్యా. ఉండేదంతా గరుసు రాళ్లే."

"నా వల సంగతి చెప్పు" అన్నాడు టైరు చెప్పుల గోవిందప్ప. గొర్రెలు కాసే మనిషి. ఒక్క ఆట కూడా విడిచేవాడు కాదని జమాల్ చెప్పేవాడు.

"గోలుకు వల ల్యాకపోతే నీ గొర్రెల దొడ్డి వల తెచ్చి కట్టినాం."

"కట్టినారు. గొర్రెలన్నీ శెనిక్కాయ చేలో పడినాయి. మా నాయన నా ఈపు పగలగొట్టినాడు. అయినా మర్సనాడు ఆటకొచ్చినా."

ఇద్దరూ నవ్వుకున్నారు. గిన్నె మీద గరిటె చప్పుడైంది.

"వానకు ఆట నిలిచింది ఒగసారే" అన్నాడు అతావుల్లా. "తనకల్లు ఊరోళ్లతో ఫైనలు. మూడేండ్ల తర్వాత పడిన వాన. రెండు జట్లోళ్లూ బాలు ఇడిచిపెట్టి, మొగాలు పైకెత్తి నిలబడిపోయినారు. రెఫరీ కూడా. ఆట చూడనీకి వచ్చినోళ్లంతా గ్రౌండు లోపలికి ఉరికినారు."

"జమాలు ఉరకల్యా."

"ఉరకల్యా. గోల్లోనే నిలబడినాడు. రాప్పా, వాన పడతాండాది అంటే, నేనొస్తే గోలు ఎవురు కాస్తారు అన్నాడు."



"పడమటి గోలు కదా అది?" అన్నాడు గోవిందప్ప.

"ఎప్పుడూ అదే అడుగుతాండె. మొదట ఆ పక్కే కావాలనేటోడు."

"యాడుండె అది?" అని పందిట్లో ఇంకెవరో అడిగారు.

"ఇంగ్యాడ? ఈడనే. ఈ ఇంటి వంటిల్లు ఉండే చోట. ఇంట్లో దిగిన పొద్దే జమాలు నన్ను పిలుచుకొని పోయి చూపించినాడు" అన్నాడు అతావుల్లా.

ఆరీఫా వంటింటి వైపు చూసింది.

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కొని, అతను నేరుగా వంటింట్లోకి వచ్చేవాడు. ఆమె సంగటి కెలుకుతుంటే వెనక గోడ దగ్గర ఊరికే నిలబడేవాడు. పొగ కళ్లల్లో పడుతున్నా కదిలేవాడు కాదు.

"ఏం పనప్పా నీకీడ?" అని విసుక్కునేది.

"ఏం లేదు" అనేవాడు.

తన దగ్గర ఉండడానికే వస్తున్నాడనుకుంది కొన్నాళ్లు. తర్వాత అదీ అనుకోవడం మానేసింది.

రామాంజినమ్మ ఎంగిలి పళ్లేలు తీసుకొని లోపలికి వచ్చింది. ఆరీఫా ఆమె కొంగు పట్టుకొని ఏదో అడిగింది. రామాంజినమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, దుప్పటి తొలగించుకొని బయటికి వెళ్లింది.

"ఏమప్పా అతావుల్లా. ఆయమ్మ అడుగుతాండాది. జమాలు గోల్లో నిలబడితే మొగం ఏ పక్కకు ఉంటాండెనని."

పాదాలు కదలడం ఆగిపోయింది. అతావుల్లా పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది.

"తూర్పుకమ్మా" అన్నాడు గోవిందప్ప దుప్పటి వైపు తిరిగి. "ఆటలో నా గొర్రెలు అడ్డం పడతాండె. అందరూ నన్ను తిడతాండ్రి. ఆయప్ప మాత్రం చూపు తిప్పేటోడు కాదు."

"ఊ" అంది ఆరీఫా. అది బయటికి వినబడలేదు.

మూడు నెలలకు గడువు తీరింది. సైఫుల్లా చిన్న టెంపో తెచ్చాడు. బీరువా, మంచం, గిన్నెల మూటలు ఎక్కించాడు. రామాంజినమ్మ కళ్లు తుడుచుకుంటూ వాకిట్లో నిలబడింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

అక్క ఎంతకీ రాకపోయేసరికి సైఫుల్లా లోపలికి వచ్చాడు.

పొయ్యి తీసేసిన వంటింట్లో, వెనక గోడకు వీపు ఆనకుండా, ఆరీఫా నిటారుగా నిలబడి ఉంది.

"ఏమక్కా, ఇంగేమన్నా ఉండాదా తీసుకునేది?"



సైఫుల్లా వంటింటి వాకిలికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతని వెనక ఖాళీ నడవ, తూర్పుకు తెరిచిన వీధి తలుపు, దాని అవతల వీధిలో పడిన ఎర్రటి ఎండ.

"పొద్దుబోతాండాది, పోదాం రా అక్కా."

"రవంత పక్కకు జరుగు" అంది ఆరీఫా.