పంచదార నీళ్లు

పెళ్లయిన పన్నెండేళ్లకి మా ఆయన తన చేత్తో నాకు గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చాడు. మామూలు నీళ్లు కాదు, పంచదార నీళ్లు.

అంతకుముందు రోజే దగ్గుతో వంగిపోతున్న నన్ను కోళ్ల మేత తూచే కాటా ఎక్కించాడు. "ఎంత చిక్కిపోయావో చూద్దాం" అని నవ్వాడు. ఆసుపత్రికి వెళ్దామంటే, "ఎందుకు, నేను లేనూ?" అన్నాడు. ఆ మాటకే నాకు సగం జబ్బు పోయింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అదే గ్లాసు. అది తెచ్చేదాకా నన్ను గొంతు తడుపుకోనిచ్చేవాడు కాదు. చివరి చుక్కదాకా తాగించి గానీ కదిలేవాడు కాదు. అడుగున కాస్త చేదు తగిలినా, జబ్బు నోరు కదా అని సరిపెట్టుకున్నాను.

ఐదో రోజు ఓపిక వచ్చి షెడ్డుకి వెళ్లాను. జబ్బు చేసిన కోళ్లు గురక పెడుతున్నాయి. నీళ్ల తొట్టెలన్నీ బోర్లించి ఉన్నాయి.

"పాపం, వాటికి నీళ్లెందుకు ఆపారు?"

"బాగా దాహం వేస్తే మందు నీళ్లు గటగటా తాగేస్తాయి" అన్నాడు, డ్రమ్ములో పసుపు పచ్చటి పొడి కలుపుతూ.

"మరి పంచదార దేనికి?"

"మందు చేదు. తెలిసిందంటే ముట్టుకోవు."

"ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

"ఏముంది, బరువుని బట్టి..."

తిప్పుతున్న కర్ర ఆగింది. డ్రమ్ము పక్కన నా గ్లాసు అప్పటికే నింపి ఉంది.

"దగ్గు తగ్గిందా, లేదా? ఇవాళ్టితో ఆఖరు. మధ్యలో మానకూడదు" అని గ్లాసు నా చేతికిచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డాడు.