ప్లీడరు గారి టైమింగ్

"మెల్లగా తిప్పండి. మళ్ళీ వెనక్కి తంతుందేమో," అంది చూడామణి.

అననే అంది, కారు స్టార్టు చేసే ఇనప హ్యాండిల్ ఎదురు తిరిగి ప్లీడరు ఉమాకాంతం మణికట్టు మీద ఫెడీమని తన్నింది. ఆయన చెయ్యి పట్టుకుని వాకిట్లో రెండు చుట్లు తిరిగాడు. నొప్పి కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపం కారు మీద కాదు, రోడ్డవతల షెడ్డులో స్పానర్లు తుడుచుకుంటున్న మెకానిక్ వెంకటరత్నం మీద.

"ఇంజిను లోపల గొలుసు ఒక పన్ను తప్పించి బిగించుంటాడు వెధవ. అందుకే ఎన్నిసార్లు సరిచేసినా కుదిరి చావట్లేదు. ఇవాళ వాడి చేత ఊరొదిలించకపోతే నేను ఉమాకాంతాన్నే కాదు."

"ముందు ఆ చేతికి తడిగుడ్డ చుట్టనివ్వండి," అందామె.

డెబ్భై తొమ్మిదిలో నందిగామ కోర్టు ప్లీడర్లలో సొంత కారున్నవాడు ఉమాకాంతం ఒక్కడే. పదిహేడేళ్ళ పాత అంబాసిడర్ అయితేనేం, హారన్ కొడితే వీధి వీధంతా తిరిగి చూసేది. ఆ కారే ఆర్నెల్ల కిందట ఆయన్ని వెంకటరత్నానికి పగవాణ్ణి చేసింది.

చూడామణి తల్లి కమలాంబకు ప్రాణం మీదికొచ్చిందని ఓ పొద్దున పెనుగంచిప్రోలు నుంచి కబురొచ్చింది. చూడామణి కట్టుబట్టలతో బస్సుకు బయల్దేరింది. ఉమాకాంతం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"కారున్న ప్లీడరు పెళ్ళాం బస్సులో వేలాడితే రేపు కోర్టులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇంజిను కాస్త కొట్టుకుంటోంది, అంతే. ఆ టైమింగ్ చూసే బల్బు పట్టుకో. అరగంటలో సరిచేసి దింపుతా."

అరగంట నాలుగు గంటలైంది. అక్కడ కమలాంబ గుమ్మం వైపే చూస్తూ, "చూడామణి వచ్చిందా?" అని అడుగుతూనే ఉందట. పక్కనున్నవాళ్ళు, "ఇంకా లేదమ్మా," అని చెబుతూనే ఉన్నారట. వీళ్ళు చేరేసరికి ఆవిడ అడగడం మానేసి గంటయింది.

ముందురోజే కారు సర్వీసు చేసింది వెంకటరత్నం కాబట్టి ఆ పాపం వాడిదేనని ఉమాకాంతం తేల్చేశాడు. విచారణా ఆయనదే, తీర్పూ ఆయనదే. చూడామణి అవునని గాని, కాదని గాని అనలేదు. ఆనాటి నుంచి కారు షెడ్డు గడప తొక్కలేదు. ఆదివారమొస్తే వాకిట్లోనే బానెట్ లేచేది. పిలవకముందే చూడామణి వంటింట్లోంచి వచ్చి బల్బు అందుకునేది. తన పగ పెళ్ళానిక్కూడా పట్టిందని ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

బుధవారం నాడు టీ హోటల్లో, తోటి ప్లీడరు భావనారాయణ ఎదురుగానే వెంకటరత్నం కదిపాడు.

"ఆర్నెల్ల నుంచి వింటున్నానండీ, మీ బండి కొట్టుకుంటానే ఉంది. ఒకసారి నా దగ్గరకి తోలుకు రండి. పది నిమిషాల పని."

"ఒకసారి నువ్వు చేసింది చాలదా?"

"నేను పంపిన్నాడు బానే ఉందండీ. సాయంత్రం మీరు చెయ్యి పెట్టారంట."

భావనారాయణ టీగ్లాసు చాటున నవ్వుకున్నాడు. ఉమాకాంతానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే విను. ఆదివారం నా చేత్తో టైమింగ్ పెట్టి ఎక్కడా ఆగకుండా జగ్గయ్యపేట వెళ్తా. వెళ్తే నువ్వు షెడ్డు ఎత్తేసి ఊరొదిలి పోవాలి."

"పోతానండీ. మరి మధ్యలో ఆగితే?"

"నీ షెడ్డు ముందు నిలబడి తప్పు నాదేనంటా. మా అత్తగారి విషయంలో కూడా నాదే తప్పని నలుగురిలో ఒప్పుకుంటా. సరేనా?"

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ చూడామణి గరిటె ఆపింది.

"అలా అన్నారా మీరు? అందరి ముందూ?"

"అన్నా. ఏం, భయంగా ఉందా?"

"భయమెందుకండీ," అని ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

ఇప్పుడు ఆదివారం మూడు దాటింది. గేటు దగ్గర భావనారాయణ వాచీ చూసుకుంటున్నాడు. ఆయన వెనక మరో నలుగురు ప్లీడర్లు. రోడ్డవతల వెంకటరత్నం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డులో సామాను అప్పుడే సగం మూట కట్టి ఉంది. మాట మీద నిలబడే మనిషి. ఆ మూట చూస్తుంటే ఉమాకాంతానికి కడుపు నిండినట్టుంది.

ప్లగ్గులు తుడిచాడు. పాయింట్ల సందు కొలిచాడు. కండెన్సరు కొత్తది వేశాడు. మిగిలింది టైమింగ్ ఒక్కటే. గేటు దగ్గరివాళ్ళకు వినపడేలా గొంతు పెంచి పాఠం మొదలెట్టాడు.

"పుల్లీ మీద గీతని ముల్లుకి ఎదురుగా నిలిపాను. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ తిప్పుకుంటూ వస్తే ఒకచోట బల్బు వెలుగుతుంది. సరిగ్గా అక్కడ బిగించాలి. అది దాటి తిప్పితే మంట వేళకు ముందే పుడుతుంది. ఇంజిను కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది, ఎత్తు దగ్గర చతికిలబడుతుంది. షెడ్డులో కూర్చుంటే వచ్చే విద్య కాదిది."



మండే ఎండలో ఆ బుల్లి బల్బు వెలుగు కంటికి ఆనదు. చూడామణి ఎప్పటిలాగే దాన్ని కొంగు చాటు చేసుకుని నిలబడింది. ఉమాకాంతం నడుం దాకా బానెట్ కిందికి వంగి, వాచిన చేత్తోనే డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పసాగాడు.

"ఏమే, వెలిగిందా?"

కొంగు చాటున వెలుగుతున్న బల్బును చూస్తూ, "ఇంకా లేదండీ," అంది చూడామణి.