గట్టు అవతల తడి

వానలు దగ్గరపడుతుంటే కుంటలోని జీవాలన్నీ ముసలి తాబేలు దగ్గర చేరాయి.

"లకుముకిపిట్ట రోజూ నా పిల్లల్ని ఎత్తుకుపోతోంది. ముందు దాని సంగతి చూడు పెద్దమ్మా," అంది చేపతల్లి.

"నీళ్లంతా గుర్రపుడెక్క కమ్మేసి మాకు ఊపిరాడటం లేదు," అంది కప్ప.

తాబేలు గట్టంతా తిరిగి చూసి వచ్చింది. "పిట్ట వల్ల కొందరం పోతాం. డెక్క వల్ల అందరం ఇబ్బంది పడతాం. కానీ ఎండ్రకాయ బొరియ దగ్గర గట్టు అవతలికి నీరు ఊరుతోంది. పెద్ద వాన పడితే గండి పడుతుంది, కుంటే మిగలదు. ముందు బొరియ పూడ్చాలి."

"అది నా ఇల్లు!" అంది ఎండ్రకాయ.

"తెలుసు తల్లీ. అయినా పూడ్చాలి."

ఎండ్రకాయ తన బొరియ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. చివరికి తనే మొదటి మట్టిముద్ద తెచ్చి బొరియలో కుక్కింది. మిగతావన్నీ వెంట కదిలాయి. పని మధ్యలో పిట్ట మరో చేపపిల్లను తన్నుకుపోయింది. చేపతల్లి ఏడుస్తూనే మట్టి తోసింది.

మర్నాడు కుంభవృష్టి కురిసింది. నీళ్లు గట్టు అంచుదాకా పొంగాయి గానీ గట్టు నిలిచింది.

వాన వెలిశాక తాబేలు ఎండ్రకాయకు రాళ్ల మధ్య కొత్త చోటు చూపించింది. ఆ వెంటనే చేపతల్లి దగ్గరికి వెళ్లి, "ఇప్పుడు చెప్పమ్మా, ఆ పిట్ట ఏ కొమ్మ మీద కూర్చుంటుంది?" అంది.