గోడవతలి కర్ర

ధన్! ధన్! ధన్!

పాట సగంలో ఉండగా గోడవతల నుంచి కర్ర దెబ్బలు.

"మొదలెట్టింది మహాతల్లి!" అంటూ చేతిలోని పుల్లలు విసిరికొట్టాడు పిడుగు. డ్రమ్స్ వాయించే జోరు చూసి బ్యాండువాళ్ళు వాడికి పెట్టిన పేరది.

"గోడలకి చెవులుంటాయంటారు. మన ఖర్మకి ఈ గోడకి కర్ర కూడా ఉందిరా బాబూ!" అని తల పట్టుకున్నాడు పాటలు పాడే లీడరు.

ఆ రేకుల గదిలో ఏనాడూ ఒక పాట ఏకబిగిన సాగిన పాపాన పోలేదు. పక్కింటి ముసలావిడ గోడ బాదడం, వీళ్ళు ఆపడం, తిట్టుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం. రోజూ ఇదే భాగోతం.

పిడుగు ఒకసారి వెళ్ళి అడిగేశాడు కూడా.

"ఏం మామ్మగారూ, మేం బాగుపడితే మీకంత కంటగింపా?"

"ఆపమని నేనెప్పుడన్నాను? వెళ్ళి వాయించుకోండి" అని ఆవిడ తలుపేసుకుంది.

"చూశావా అన్నా, పైగా వెటకారం!"

ఒక్కరోజు మాత్రం గోడ పలకలేదు. పాట మొదటి నుంచి చివరిదాకా సాగిపోయింది.

"ముసలావిడ ఊరెళ్ళినట్టుంది. ఇదే అదను, రికార్డు చేసేద్దాం పట్టండ్రా!" అన్నాడు లీడరు.

ఆ పాట బస్సుల్లో, సెలూన్లలో, ప్రతివాడి ఫోన్‌లో మోగింది. పీడ విరగడైందని మూటాముల్లె సర్దుకుని పెద్ద స్టూడియోకి మారిపోయారు. మెత్తలు పరిచిన గోడలు. ఈగ మోత కూడా లోపలికి రాదు. అక్కడ ఏ పాటనీ ఎవరూ ఆపలేదు.

ఆ పాటలన్నీ ఒకదాని వెనక ఒకటి చతికిలబడ్డాయి. వేదికెక్కితే చాలు, జనం పాత పాటే కావాలని గోల. పాడీ పాడీ లీడరుకి ఆ పాటంటేనే ఒళ్ళు మండిపోయేది.

"ఇంకొక్క పాట చూస్తాం. అదీ పోతే మీ దారి మీది" అని పాటల కంపెనీ తేల్చేసింది. టైర్ల కొట్లో వచ్చి కూర్చోమని పిడుగుని వాళ్ళ బావ అప్పటికే పీక్కుతింటున్నాడు.

"అసలెక్కడ తప్పుతున్నాంరా?"

"తెలిస్తే ఈ ఏడుపెందుకన్నా!"

కలిసొచ్చిన గది కదా అని చివరికి పాత రేకుల గదికే వచ్చారు. వాయించారు. గోడ పలకలేదు. మళ్ళీ వాయించారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"హమ్మయ్య, ఇవాళ కూడా ఊరెళ్ళింది. ఈ పాట హిట్టు కొట్టేస్తుంది అన్నా!" అన్నాడు పిడుగు.

అంతలో పక్కింటి కోడలు తలుపు తట్టి లోపలికి వచ్చింది.

"ఇప్పుడా రావడం? మా అత్తయ్య పోయి రెండు నెలలైందండీ. చివరిదాకా మీ గొడవే ఆవిడకి."

"మా గొడవా? మేం వాయిస్తే చాలు, గోడ బద్దలుకొట్టేదిగా!"

"వాయిస్తే కాదండీ, తాళం తప్పితే. సర్కస్‌లో డ్రమ్ము వాయించిన మనిషి. తన దెబ్బ తప్పితే ఉయ్యాల మీదవాళ్ళు కింద పడిపోతారు. అందుకే తప్పు వింటే ఆగలేకపోయేది. మీ కొత్త పాటలు రేడియోలో వస్తుంటే మంచంకోడు మీద కొట్టేది. పాపం, పిల్లలకి చెప్పేవాళ్ళు లేకుండా పోయారే అని ఒకటే బాధ."

పిడుగు చేతిలోని పుల్లలు కింద పెట్టాడు.

"మరి ఆ హిట్ పాట చేసిన రోజు ఆవిడ ఊళ్ళో లేదుగా?" అన్నాడు పిడుగు నెమ్మదిగా.

"ఇంట్లోనే ఉందండీ. ఆ రోజు కర్ర పక్కన పెట్టేసి, పాటయ్యేదాకా గోడకి చెవి ఆనించుకుని కూర్చుంది."