శనివారం ఉపవాసం

"కామా కూడా మార్చలేదయ్యా. మూలంలో ఎలా ఉందో అలాగే దించేశాను" అని గ్రంథాలయంలో అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతున్నాడు వరహాలు. విదేశంలో ఒక యూదుల ఇల్లు, ఆ ఇంట్లో ఒక ముసలమ్మ. అదీ ఆయన అనువాద నవల. మూల రచయిత పేరు మాత్రం పలికినప్పుడల్లా ఒక్కోలా ఉండేది. ఆయన సొంత నవలలు మూడు ఆ గ్రంథాలయం బీరువాలోనే కట్ట విప్పకుండా ఉన్నాయి.

పద్మారావు నగర్‌లో యూదుల్ని చూసినవాళ్లు లేరు. నవల వచ్చాక వాదించనివాళ్లూ లేరు. యూదులు ఎవరితోనూ కలవరని ఏనాడో తేల్చేసిన గ్రంథాలయ కమిటీ అధ్యక్షుడు బ్రహ్మచారి, ముసలమ్మ శనివారం ఉపవాసం చదివి, వాళ్లూ మన వెంకన్న భక్తుల్లాంటివాళ్లేనన్నాడు. బైబిల్లో అలా లేదన్నాడు ఏసురత్నం. తగవు తీర్చడానికి, గ్రంథాలయానికొచ్చే అనుపమ ముందుకొచ్చింది. బేగంపేటలో తనతో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే బొంబాయి యూదురాలు రెబెకాకి నవలంతా హిందీలో చెప్పిందట. శనివారం సాయంత్రం తీసుకొస్తానంది. తప్పులతడకని తేలితే పుస్తకం బీరువాలోంచి తీసేస్తామంది కమిటీ.

వరహాలుకి రెండు రోజులు అన్నం సయించలేదు. మూలప్రతి తెమ్మంటే చెదలు తినేశాయన్నాడు.

రెబెకా వచ్చింది. ఆమె ఉపవాసం కదా అని బ్రహ్మచారి అందరికీ చాయ్ ఆపించాడు. గంట గడిచాక ఆమె అనుపమ చెవిలో ఏదో అంది.

"శనివారం ఉపాసం ఉండనే ఉండొద్దట సార్. పొయ్యి ముట్టియ్యరు గని, శుక్రవారం వండింది కడుపునిండ తింటరట. ఇప్పుడు జెర ఆకలైతుందట" అంది అనుపమ.

"ఏందీ వరహాలు సాబ్, గిట్ల రాసిన్రు?" అన్నాడు బ్రహ్మచారి.

అంతలో రెబెకా మళ్లీ మాట్లాడింది. పొద్దుగూకే వేళ గడపలో చెప్పులు లెక్కపెట్టి, ఎవరింకా ఇల్లు చేరలేదో చూసుకునే ఆ ముసలమ్మ అచ్చం తన నానమ్మేనట. చెబుతూ కళ్లు తుడుచుకుంది.

పుస్తకం బీరువాలోనే ఉంటుందన్నారు. శనివారం పేజీలో సవరణ చీటీ అంటించారు. సమోసాలొచ్చాయి. వరహాలు నాలుగు తిన్నాడు.

ఇంటిదారిలో, ఆ సాయంత్రం తనతో వచ్చిన భార్య కుమారి ఆగింది. ఆమె ఆ నవల ఎన్నడూ తెరవలేదు, ఇవాళే విన్నది. "చెప్పులు లెక్కెట్టడం, శనివారం ఉపవాసం మా అత్తగారివి కదా. అందులోకెలా వచ్చాయండీ?"

వరహాలు అటూ ఇటూ చూశాడు.

"నేను కల్పించింది ఒక్కటేనే, ఆ విదేశీ మూలం."